ఇటలీని తోలిన పొద్దు

తాళం తిప్పగానే లేచే బండి కాదిది. ముందు పెట్రోలు పంపులు టకటకా కొట్టుకోవాలి, కొట్టుకుని కొట్టుకుని వాటి గొంతు బరువెక్కాలి, అప్పుడే మీట నొక్కాలి, తొందరపడ్డావో మూతి ముడుచుకుంటుంది, ఇక సాయంత్రం దాకా బతిమాలినా పలకదు. మురళి ఈ సంగతి అన్నం కలుపుకుంటూ చెప్పేవాడు, స్నానం చేస్తూ తలుపు అవతల నుంచి అరిచి చెప్పేవాడు, నిద్రపోతున్న మనిషిని తట్టి లేపి మరీ చెప్పేవాడు. తనూజ ఊఁ కొట్టేది. పెళ్లాం ఊఁ కొట్టిందంటే విన్నట్టేనని నమ్మే అమాయకుడు అతను. కానీ ఆ మాటలు ఆమెలో ఎక్కడో పడే ఉన్నట్టున్నాయి, ఎందుకంటే ఇప్పుడు బేగంబజార్‌లో, విశ్వేశ్వర్ సేటు గోదాము వాకిట్లో, పైకప్పు లేని ఆ ఎర్రబండిలో పెద్ద చెక్క స్టీరింగు పట్టుకుని కూర్చుని ఆమె పంపుల గొంతే వింటోంది. మురళి పోయి ఏడాది కావస్తోంది. అతను చెప్పినవన్నీ చెవుల్లో ఉన్నాయి, ఎందుకు పోయాడో ఆ ఒక్కటే చెప్పకుండా పోయాడు, దాన్ని వెతుక్కోవడానికే ఈ బండి ఎక్కింది.

"అక్కా, నడిమిది రేసు, కుడిదిక్కుది బ్రేకు. యాదికుంది గదా?" అని సేటు కొడుకు ప్రణీత్ వంగి, కాళ్ల దగ్గరి పెడళ్లు చూపిస్తూ మళ్లీ అడిగాడు. యాదికుంది బాబూ, అంది. ఎలా మరిచిపోతుంది, వెనకటి ఇటలీవాళ్లు కొన్ని పందెపు బండ్లను ఇలాగే కట్టారట, లోకమంతా బ్రేకు ఉండే చోట రేసు, రేసు ఉండే చోట బ్రేకు. ఎన్నడో ఒక నవాబుగారి దేవిడీ భవనంలోని సామాను అమ్ముడుపోయినప్పుడు సేటు తండ్రి ఈ బండిని తెచ్చి గోనెసంచుల కింద పడేశాడు, మురళి దాన్ని బయటికి లాగి, దొరకని సామాను లేతు మీద తనే చేసుకుని, ఏళ్లకు ఏళ్లు పోసి బతికించాడు. ఇప్పుడు పుణెలో ఎవరో కొనుక్కున్నారు. వాళ్ల మనిషి లారీ తెచ్చి పెట్టి, బండి ఒక చుట్టు నడిచి వస్తేనే ఎక్కిస్తానని కూర్చున్నాడు. ప్రణీత్ పేరున్న డ్రైవర్లను పిలిపించాడు, కూర్చున్న ప్రతివాడూ కాళ్ల కిందికి చూసుకుని దండం పెట్టి దిగిపోయాడు. ఆఖరికి మాదన్నపేటలో తనూజ వాళ్ల పాలడెయిరీకి వచ్చి, మురళన్న ఎవరికన్నా నేర్పిండా అక్కా అని అడిగితే, క్యాన్లు కడుగుతున్న తనూజ తడి చేతులతోనే లేచి, నాకు నేర్పిండు, నేను తోలుత, అంది. నేర్పిన మాట నిజమే, ధూల్‌పేట్ షెడ్డులో, మోటారు ఆపి ఉండగా, పెళ్లిరోజు సినిమా ఎగ్గొట్టడానికి. అయినా ఆమెకు భయం లేదు, ఇన్నేళ్లుగా తెల్లారకముందే పాల వ్యాను తోలుతున్న మనిషి. ఈ బండిలో ఏముందో, దీన్ని ఇచ్చేశాక మనిషికి మిగిలేది ఏమీ లేకుండా పోయేంతగా ఏముందో, ఒక్కసారి చూసి రావాలి, అంతే.

పంపుల గొంతు మారింది, మీట నొక్కింది, గోదాము గోడలు అదిరాయి, పావురాలు లేచిపోయాయి, లారీ మనిషి చేతిలో చాయ్ ఒలికింది. నూనె వేడెక్కేదాకా ఆగాలి, ఆగింది. క్లచ్చు గట్టిది, తొడ నొప్పెట్టేంత గట్టిది, వదలగానే బండి ముందుకు గుంజింది, ఇంకా షట్టర్లు ఎత్తని దుకాణాల మధ్య నుంచి, మూటల మీద కునుకుతున్న హమాలీల పక్క నుంచి, జుమ్మేరాత్ బజార్ దాటి, గేరు మార్చాలంటే క్లచ్చు రెండుసార్లు తొక్కాలి, మధ్యలో కొంచెం రేసు ఇవ్వాలి, లేకపోతే పళ్లు నూరుతుంది, అచ్చం మా అమ్మలాగ, అని మురళి అనేవాడు, కన్నతల్లినే అలా అనేవాడు. పురానాపూల్ మొగదల ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఆమె కాలు దానంతటది నడిమి పెడల్ మీదికి పోయింది, తొక్కింది, బండి ఆగడానికి బదులు గర్జించి ఎగిరింది, ఎలాగో స్టీరింగు మళ్లించి వెంట్రుకవాసిలో తప్పించింది. "దేఖ్‌కే చలావ్ అమ్మా! మార్ డాల్తే క్యా!" అని ఆటోవాలా అరిచాడు. అతని తప్పు అతనికి కనబడదు, అది వేరే సంగతి. తనూజ బండి పక్కకు ఆపి, కుడికాలిని పసిపిల్లను మందలించినట్టు మందలించింది. కుడిది బ్రేకు, కుడిది బ్రేకు, నడిమిది కాదు, నడిమిది ముట్టకు, కుడిది బ్రేకు. అలా అనుకుంటూనే వంతెన దాటింది, బహదూర్‌పురా దాటింది, అడ్డం వచ్చిన ప్రతి మనిషికీ మేకకీ సైకిలుకీ ముందే అనుకుంది, కుడిది బ్రేకు.

వేడెక్కిన మోటారులోంచి ఆముదం వాసన వచ్చింది. పందెపు బండ్లకు ఆముదం కలిసిన నూనె పోస్తారు, మురళి చొక్కాలన్నీ ఆ వాసనే, ఎంత ఉతికినా పోయేది కాదు, తలగడకు పట్టింది, కూతురు అఖిల చిన్నప్పుడు బాపు తలకు నూనె పెట్టుకున్నడా అని అడిగేది. బుచ్చమ్మ అత్తమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ వినిపించేలా, "నా కొడుకు రెండో సంబంధం ఇటలీల జేసుకున్నడు, కట్నం మనమే ఇస్తున్నం," అనేది, వినేవాళ్లు నవ్వేవాళ్లు. తనూజా నవ్వేది. సవతి అంటే సవతే మరి, దానికి ఆమె పాత చీరలు కూడా వెళ్లాయి. వినాయకుడి పండుగ దగ్గరపడితే ధూల్‌పేట్ అంతా విగ్రహాల పనిలో మునిగిపోతుంది, పక్క షెడ్లలోంచి తెల్లటి పొడి గాలిలో లేచి వస్తుంది, ఆ పొడి మోటారులోకి పోతే సర్వనాశనమని మురళి ఇంట్లో మెత్తటి చీరలన్నీ వెతికి పట్టుకుపోయేవాడు. ఆమె సీమంతం నాటి పసుపుపచ్చ చీర కూడా పోయింది. అడిగితే, "మెత్తగున్నది తనూ, దీనికి గీత పడొద్దు గదా," అన్నాడు. నాకు పడ్డ గీతల సంగతి ఏంది అని ఆమె అడగలేదు, నవ్వి ఊరుకుంది. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. ఎడమ పిక్కకు గేర్‌బాక్సు వేడి తగులుతోంది, కాలుతున్నట్టే ఉంది, అతని ఎడమ పిక్క మీద ఎప్పుడూ ఎర్రటి మచ్చ ఉండేది, కొబ్బరినూనె రాసేది, ఏమైందంటే చెప్పేవాడు కాదు. ఇదన్నమాట.

జూ పార్కు గోడ పక్కన ఇద్దరు పిల్లలు మోటారు సైకిలు మీద వెంటపడ్డారు, ఫోను ఎత్తి పట్టుకుని, "క్యా గాడీ హై ఆపా!" అని అరుస్తూ. ఫోను చూడగానే ఆమెకు ఆ వీడియో గుర్తొచ్చింది, గుర్తు రావడానికి మరిచిపోతే కదా. మాదన్నపేట మార్కెట్టు సందు చివర దుకాణం మీద కెమెరా పట్టిన వీడియో. మురళి పోయిన రోజు పొద్దుటి నుంచి, ఆ నెలంతా తోలి చూసిన ఇటలీ బండిలో సేటు చుట్టాలందరినీ తిప్పి, మధ్యాహ్నానికి బండి గోదాములో అప్పగించి, పనిముట్లు స్కూటరు మీద పట్టవని ఇంటి చిన్నకారు తెచ్చుకున్నాడు కాబట్టి అందులో ఇంటికి బయలుదేరాడు. వీడియోలో చిన్నకారు మెల్లగా సందులోకి తిరుగుతుంది. పక్క నుంచి కూరగాయల తోపుడుబండి ఒకటి సగం బయటికి వస్తుంది. చిన్నకారు దాన్ని తప్పుకుంటుంది, తప్పుకుని ఆగదు, ఒక్కసారిగా ఉరుకుతుంది, ఇంకా ఇంకా ఉరుకుతుంది, మూతపడ్డ ఫంక్షన్‌హాలు గోడ, అంతే. వెనక ఎర్రలైటు వెలగలేదు. పోలీసాయన వేలు పెట్టి చూపించాడు, చూడమ్మా, బ్రేకు ముట్టనే లేదు. అది బస్తీలో అందరి ఫోన్లలోకీ వెళ్లింది, తెలియనివాడు లేడు. కొత్తగా నేర్చినవాడైతే పొరపాటు అనేవాళ్లు. మురళి కాలు పొరపడే కాలు కాదు, ధూల్‌పేట్ నుంచి మాదన్నపేట దాకా ఎవరినడిగినా అదే మాట, కళ్లకు గంతలు కట్టినా తోలుతాడని వాళ్లే కదా పొగిడింది, అంచేత పొరపాటు అనే మాట ఎవరి నోటా రాలేదు. మిగిలింది ఒకటే. నోటితో అనలేదు, దినాలకు వచ్చిన ఆండాలు పిన్నమ్మ కూడా అనలేదు, కానీ తనూజ చెయ్యి పట్టుకుని, ఇంట్ల లొల్లి గిట్ల ఏమన్న అయిందా బిడ్డా, అని మాత్రం అడిగింది.

లొల్లి ఏమీ కాలేదు. అయ్యుంటేనన్నా బాగుండేది, ఆ లొల్లి మీదికి నెట్టి ఏడ్చుకునేది. ముందురోజు సాయంత్రం మురళి గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ, గోరులోని నల్లటి మసిని గీక్కుంటూ, "రేపు ఇచ్చేస్త తనూ. ఇచ్చేసినంక నాకేముంటది చెప్పు," అన్నాడు. ఆమె పాల లెక్కలో ఉంది, తల ఎత్తలేదు, ఇంకో బండి వస్తది తియ్ అంది. ఆ మాట మీద ఇన్ని నెలలు పడుకోలేదు. నాకేముంటది. నేనుండనా. అఖిల ఉండదా, ఇంటరు చదివే పిల్ల, నీ ముక్కు నీ మొండితనం పట్టుకుని పుట్టిన పిల్ల ఉండదా. మేము ఎక్కడ కూర్చున్నామయ్యా నీ లెక్కలో. మొన్న అఖిల జడ వేయించుకుంటూ, వీపు తిప్పి కూర్చుని, అద్దంలోకి కూడా చూడకుండా అడిగింది, "బాపు కావాల్నని చేసిండా అమ్మా?" దువ్వెన ఆగింది. కాదు అని వెంటనే అనవలసింది. పిల్ల తనే జడ అల్లుకుని, టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఏమీ అడగడం లేదు, మంచినీళ్లు కూడా తనే ముంచుకుంటోంది.

ఫ్లైఓవరు ఎక్కింది. ఆరాంఘర్ దాకా పోయే పొడుగాటి ఫ్లైఓవరు, అప్పటికి ఇంకా ఖాళీగానే ఉంది, ఎండ ఒక పక్క నుంచి పడుతోంది, కింద ఇళ్ల డాబాల మీద బట్టలు ఆరుతున్నాయి. ఆమె నడిమి పెడల్‌ను కొంచెం ఎక్కువ తొక్కింది. బండి గొంతు మారింది. అప్పటిదాకా గొణిగిన బండి నోరు విప్పింది, ఇంకా తొక్కింది, అరిచింది, గేరు మార్చింది, క్లచ్చు రెండుసార్లు, మధ్యలో చిన్న రేసు, పళ్లు నూరలేదు, వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది, మళ్లీ తొక్కింది. గాలి ముఖాన్ని పట్టుకుంది. కొప్పు ఊడింది, కొంగు నడుముకు చుట్టుకున్నా చివర రెపరెపలాడింది, కళ్లల్లో నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, అది గాలికే. స్టీరింగు బతికి ఉంది, రోడ్డులో ప్రతి అతుకూ అరచేతికి చెబుతోంది, ముందు చక్రాలు తన చేతుల చివర్లే అన్నట్టుంది, ఎటు చూస్తే అటు పోతోంది, తిప్పనక్కర లేదు, అనుకుంటే చాలు. చెవులు, దవడలు, పక్కటెముకలు అన్నీ మోగుతున్నాయి. ఆమె నోరు తెరిచి అరిచింది, ఏమని అరిచిందో ఆమెకే తెలియదు, ఆ మోతలో వినబడలేదు. పెళ్లి కాకముందు అన్న సైకిలు మీద వాలు దిగినప్పుడు ఇలా అరిచింది, ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడూ అరవలేదు. సంతోషం. పచ్చి సంతోషం, మొగుడు పోయిన ఇల్లాలికి సిగ్గు కూడా లేకుండా. ఇది ఉండేదా నీకు, రోజూ ఇది ఉండేదా.

అదే ఆమెను కొట్టింది. కాలు వదిలేసింది, బండి చప్పుడు తగ్గి, వెనక గొట్టంలో పటపటలాడి, నెమ్మదించింది. ఆరాంఘర్ దగ్గర కిందికి దిగి వెనక్కి తిప్పుకుంది. ఇంత ఉందా దీనిలో. ఇన్ని నెలలూ మనసులో ఒక మూల, ఒక ఇనుప బండి కోసం మనిషి చస్తాడా, కాదు, ఇంకేదో ఉంటుంది, అని ఒక చిన్న ఆశ దాచుకుంది. ఇప్పుడు అదీ పోయింది. చావచ్చు. ఇలాంటిదాన్ని ఇంకొకరికి అప్పగించి, చిన్నకారులో ఇరుక్కుని, పాలవాసన కొట్టే ఇంటికి, లెక్కల్లోంచి తల ఎత్తని పెళ్లాం దగ్గరికి రావాలంటే, గోడ కనిపించినప్పుడు మనిషికి ఏమనిపిస్తుందో ఎవరు చెప్పగలరు. నేను ఓడిపోయిన, అనుకుంది. సవతి గెలిచింది. కోపం వచ్చింది, ఈ ఏడాదంతా ఆమెను నిలబెట్టిన కోపమే, తెల్లవారుజామున లేపి వ్యాను ఎక్కించిన కోపం, అతని ఫోటోకు దండ మార్చనివ్వని కోపం. ఆ కోపంతోనే తిరుగుదారంతా తోలింది, బాగా తోలింది. కాలు ఇక తడబడలేదు. మేక అడ్డం వచ్చింది, కుడి, ఆగింది. బస్సు ఆగింది, కుడి, ఆగింది. అనుకోవలసిన పని కూడా లేకుండా పోయింది.

గోదాము చేరేసరికి బజారు లేచింది, షట్టర్లు ఎత్తుతున్నారు, స్టీలు బిందెలు, అల్యూమినియం డేగిసాలు దుకాణాల ముందు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. లారీ మనిషి బండి చుట్టూ తిరిగి తల ఊపాడు. ప్రణీత్ చేతులు జోడించాడు. "మస్తు తోలినవక్కా. మురళన్ననే వచ్చిండేమో అనుకున్న." లోపలి నుంచి ముసలి సేటు విశ్వేశ్వర్ కర్ర పట్టుకుని వచ్చి, బండి మూతి మీద చెయ్యి వేసి నిమిరి, లోపలికి పోయాడు. పలకల మీద నుంచి బండిని లారీలోకి నెట్టారు, తాళ్లు బిగించారు, పైన తార్పాలిన్ కప్పారు. తనూజ ఒకసారైనా దాన్ని ముట్టుకుందామనుకుని ముట్టుకోలేదు. సవతిని సాగనంపడానికి ఏం మర్యాద ఉంటుందో ఆమెకు తెలియదు. తన పాల వ్యాను గోడ నీడలో ఉంది, ఎక్కింది, తలుపు వేసుకుంది, తాళం తిప్పింది, తిప్పగానే లేచింది, ఖాళీ క్యాన్లు వెనక గడగడలాడాయి. ఇంటికి పోయి పెరుగు తోడు పెట్టాలి, అఖిల కాలేజీ నుంచి వచ్చేసరికి ఏదన్నా వండాలి, పిల్ల అడిగితే, లేదు, ఇక అడగదు.

సందు మొదట్లో ఒక హమాలీ డబ్బాలు పేర్చిన తోపుడుబండిని వెనక్కి లాగుతూ, వెనక చూసుకోకుండా, వ్యాను ముందుకు వచ్చేశాడు. ఆమె తొక్కింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. వ్యాను ఉరికింది. ఇంకా గట్టిగా తొక్కింది, ఇంకా ఉరికింది, ఆగు ఆగు ఆగు అంటూ ఒళ్లంతా ఆ కాలి మీదే నిలబెట్టి తొక్కింది, అంత తొక్కుతున్నా ఇది ఎందుకు ఆగదు, చేతులు ఎటో తిప్పాయి, హమాలీ పక్కకు దూకాడు, వ్యాను పోయి స్టీలు బిందెల వరస మీద పడింది. బజారు బజారంతా మోగింది. బిందెలు దొర్లుకుంటూ అవతలి దుకాణాల దాకా పోయాయి. మోటారు ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"అమ్మా, ఏం తోలుడు తల్లీ అది! బ్రేకు తొక్కరాదా!" అని హమాలీ వచ్చి అరిచాడు.

"బ్రేకే తొక్కిన," అంది తనూజ.

"ఏడ తొక్కినవ్? బండి గట్ల ఉరికె. బ్రేకు తొక్కితే ఉరుకుతదా ఏంది?"

"బ్రేకే తొక్కిన భాయ్, ఒట్టు, బ్రేకే..." అంటూ ఆమె కిందికి చూసింది. కాలు ఇంకా తొక్కుతూనే ఉంది. చచ్చిపోయిన మోటారు మీద, నేలకు ఆనేదాకా, కుడి పెడల్‌ను. ఇటలీ బండిలో బ్రేకు ఉండే చోట. ఈ వ్యానులో, చిన్నకారులో, లోకమంతటా రేసు ఉండే చోట. తీయమన్నా కాలు రావడం లేదు. చుట్టూ జనం మూగారు, ఒకరు నీళ్లిమ్మంటున్నారు, ఒకరు కండ్లు తిరిగినయేమో అంటున్నారు, ఇంకొకరు ఆడవాళ్లకు బండ్లెందుకంటున్నారు. వినబడుతున్నాయి, పట్టడం లేదు. ఒక్క గంట తోలితేనే తన కాలు ఇలా అయింది. అతను ఆ నెలంతా దాన్నే తోలాడు, ఆ పొద్దంతా దాన్నే తోలాడు. తోపుడుబండి అడ్డం వచ్చింది, తొక్కాడు, ఆగలేదు, ఇంకా తొక్కాడు. ఎంత గట్టిగా తొక్కాడో ఆ గోడకు తెలుసు. ఆగు ఆగు అని ఉంటాడు. ఎర్రలైటు వెలగలేదని అందరూ చూశారు, తనూ చూసింది, చూసి చూసి ఏడాదంతా అతని మీద కోపం పెంచుకుంది, ఆ కోపాన్ని కర్రలా పట్టుకుని లేచింది, నడిచింది. ఇప్పుడు చేతిలో అది లేదు. అతను వదిలేసి పోలేదు, ఆగాలని చూశాడు, బతకాలని చూశాడు, చివరి క్షణం దాకా చూశాడు, అయినా పోయాడు. ఇంత దుఃఖం ఎక్కడుందో ఇన్నాళ్లూ, ఒక్కసారిగా తన్నుకొచ్చింది, ఆమె స్టీరింగు మీద పడిపోయింది.

చప్పుడు విని ప్రణీత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైందక్కా? దెబ్బ తగిలిందా? ఏమైంది?"

"ఇంటికే వస్తుండె బాబూ," అంది. "మా ఆయన ఇంటికే వస్తుండె."